రెండు గాజులు తక్కువ

పొద్దున్న ఏడు గంటలకి ఇన్‌స్పెక్టర్ జ్ఞానప్రకాశం స్వయంగా లెక్కపెట్టినప్పుడు ఆ మూటలో ఇరవై నాలుగు గాజులున్నాయి. మధ్యాహ్నం రెండింటికి అవే గాజుల్ని మళ్ళీ లెక్కపెడితే ఇరవై ఆరు తేలాయి. గాజులు పిల్లల్ని పెట్టడం ఆయన తన నలభై ఏళ్ళ వయసులో ఎక్కడా వినలేదు.

“మూడోసారి కూడా లెక్కపెడతారా ఏంటండి?” అన్నాడు బల్లకి అవతల కూర్చున్న పల్లంరాజు. కాకినాడ నుంచి ఈ కేసు కోసమే దిగిన ఇన్‌స్పెక్టరు ఆయన. మీసానికీ బూట్లకీ సమానంగా మెరుగు పెడతాడు.

“పొద్దున్న రెండు తక్కువున్నాయండి.”

“పొద్దున్న మీకు నిద్రమత్తు వదిలుండదు. పది గంటలకి మూట నేనే పట్టుకెళ్ళాను. పోతురాజు తల్లి అప్పాయమ్మ గారు లోపలికి తీసుకెళ్ళి, దేవుడి గదిలో వెలుతురుకి చూసి, ‘మా కోడలివే, ఇరవై ఆరూ ఉన్నాయి’ అని చెప్పారు. అంతసేపూ నేను అరుగు మీదే ఉన్నాను.”

“ఎంతసేపండి?”

“రెండు చెంబుల మజ్జిగ తాగేంతసేపు.”

జ్ఞానప్రకాశం నోటు పుస్తకంలో ‘పావుగంట’ అని రాసుకున్నాడు. పల్లంరాజు మజ్జిగ ఎంత నింపాదిగా తాగుతాడో ఆయనకి తెలుసు.

లాకు బంగళా వసారాలో ఈ ఇద్దరికీ తగువు పొద్దుటి నుంచీ నడుస్తోంది. లాకుపేట సంతవీధిలో అన్నిటికన్నా పెద్ద కొట్టు పోతురాజుది. అతని భార్య వీరవేణి సోమవారం నుంచి కనిపించడం లేదు. ఈ రోజు బుధవారం. పొద్దున్న ఆరున్నరకి బుల్లియ్య తన కొట్టుపడవని లాకులోంచి బయటికి తీస్తుంటే చుక్కానికి ఒక మూట తగులుకుని పైకొచ్చింది. అందులో వీరవేణి చీర, ఆమె గాజులు. నెమలికంఠం రంగు మీద తెల్లచుక్కలు. ఊళ్ళో ఆ అత్తాకోడళ్ళిద్దరికే ఉన్న రకం. శవం మాత్రం దొరకలేదు. పల్లంరాజుకి శవంతో పని లేకపోయింది. మనిషిని చంపి, ఆనవాళ్ళు మూటగట్టి కాలవలో పారేశాడని బుల్లియ్యకి బేడీలు వేయించాడు. ఐదు గంటల పడవలో కాకినాడ తీసుకుపోతానంటున్నాడు.

వీరవేణి బతికుండాలని జ్ఞానప్రకాశం కోరుకోవడానికి కేసు ఒక్కటే కారణం కాదు. కిందటి నెల ఒక తెల్లవారుజామున సంతలో బట్టల తాత పాక తగలబడిపోయింది. ఇంటింటికీ తిరిగి, కొనేవాళ్ళు లేకపోయినా మూటంతా విప్పి అరుగు మీద పరిచి చూపించే ముసలాయన. ఆయన తిరగడం మొదలెట్టాక పోతురాజు కొట్టుకి చీరల కోసం వచ్చే ఆడవాళ్ళు పల్చబడ్డారు. పాక తలుపు బయటి నుంచి తాడుతో కట్టేసి ఉంది. తాత లోపలే పోయాడు. శనివారం నాడు చేపల గంప లోవమ్మ చేత వీరవేణి కబురు పంపింది: ఆ పొద్దున్న కిరసనాయిలు వాసన ఎవరి బట్టలకి వచ్చిందో చెబుతాను, సోమవారం రమ్మనండి అని. జ్ఞానప్రకాశం సోమవారం దాకా ఆగలేకపోయాడు. ఆదివారం ఆరాధన అయ్యాక యూనిఫారం వేసుకుని తిన్నగా కొట్టు ముందుకెళ్ళి, మీ ఇంట్లో ఆడవాళ్ళతో మాట్లాడాలి అని పోతురాజునే అడిగాడు. మర్నాటికి ఆ అమ్మాయి లేదు. మూడు రోజులుగా ఆయనకి అన్నం సయించడం లేదు.

“రాజుగారూ, లాకు పుస్తకం చూశారా? సోమవారం పొద్దున్న ఆరూ పదికి బుల్లియ్య పడవ లాకు దాటి కిందికి పోయింది. మళ్ళీ వచ్చింది మంగళవారం సాయంత్రం. వీరవేణి సోమవారం ఎనిమిదింటికి పెరటి గుమ్మంలో లోవమ్మకి వడ్లు కొలిచి పోసి చేపలు తీసుకుంది.”

“చేపలమ్మే మనిషికి గడియారం ఉందా ఏంటండి?”

“ఆవిడకి గడియారం ఎందుకండి? ఎండ పెరటి మెట్టెక్కేలోపు గంప ఖాళీ అవ్వాలి. లేకపోతే ఆ చేప ఎవరూ ముట్టుకోరు. మీ గడియారమైనా ఆగుద్దేమో గాని ఆవిడ చేప ఆగదు.”

“కోర్టులో చేపని బోనెక్కిస్తారా?”

“సరే, ఇది చెప్పండి. చంపినవాడు ఇన్ని గాజులు ఒక్కటీ చిట్లకుండా ఎలా తీశాడు?”

“సబ్బు రాసుంటాడు.”

జ్ఞానప్రకాశం ఒక గాజుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు రోజులు నీళ్ళలో నానినా ఆ జిడ్డు వాసన పోలేదు. అది సబ్బు కాదు, ఆముదం. ఆయన లేచి రేవులోకి దిగాడు.

బుల్లియ్య పడవ చిన్న ఊళ్ళకి నడిచొచ్చే బజారు. లోపల రెండు వైపులా అరలు, అరల్లో బెల్లం, చింతపండు, సూదులు, దారం, పొగాకు, పలకలు. ముందు కొయ్యకి ఇత్తడి గంట. ఏ రేవులో ఆగినా గంట కొడతాడు, లాకు నీళ్ళు నిండేంతసేపు బేరం, మళ్ళీ తాడు విప్పడం. ఇప్పుడు ఆ గంట పక్కనే కొయ్యకి బేడీలతో బుల్లియ్య కూర్చుని ఉన్నాడు. జ్ఞానప్రకాశం ఒక్కో అరా తీసి చూశాడు.

“ఆముదం ఏదండి?”

“అమ్మనండి. ఒలికిందంటే బెల్లం పాడైపోద్ది. ఆముదం అరటిడొప్ప అంతైనా ఎక్కించను.”

“గాజులు?”

“అవీ అమ్మనండి. చీటీగుడ్డ అమ్మాలంటే జానెడు చింపి చూపిస్తే చాలు. గాజులమ్మాలంటే చెయ్యి పట్టుకోవాలి. నా పడవలోకొచ్చే ఆడోళ్ళ చెయ్యి నేనెలా పట్టుకుంటానండి? అది సూరమ్మ గారి పని.” అరల వైపు చూసి అడిగాడు. “బాబుగారూ, నేను ఉరెక్కితే ఈ సరుకు ఏం చేస్తారండి? పలకలు బడి తెరిచేలోగా పిల్లలకి అందాలి.”

 జ్ఞానప్రకాశం వెంటనే సూరమ్మ కోసం కానిస్టేబుల్ని పంపాడు.

సూరమ్మ మూడింటికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తాళ్ళకి గుచ్చిన గాజుల మలారం భుజం మీంచి దింపి, పాపాయిని పడుకోబెట్టినట్టు వసారాలో పెట్టింది. రెండు రోజులు వేరే ఊళ్ళు తిరిగి అప్పుడే వస్తోందట.

“వీరవేణి గాజులు తొడిగింది మీరేనా అమ్మా?”

“నేనేనండి. చేతికి డజను, ఒకటి కొసరు. అత్తగారికీ అంతే.”

“సోమవారం ఆ ఇంటికి వెళ్ళారా?”

“లేదండి.” చాలా తొందరగా చెప్పింది.

“అయితే నాకో సాయం చెయ్యండి. నా చేతికి రెండు గాజులు తొడగండి.”

పల్లంరాజు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. “గాజులు తొడుక్కున్న ఇన్‌స్పెక్టర్ని చూసే భాగ్యం కలిగింది.”

సూరమ్మ కూడా నవ్వబోయి ఆపుకుంది. జ్ఞానప్రకాశం కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, కణుపులన్నీ ఒకసారి తడిమింది. “చిన్నప్పుడు ఈ చేత్తో బరువులు మోశారు బాబూ.”

“మా అమ్మ తోటకూర గంప” అన్నాడాయన. అమ్మ దీనమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట ఎవరూ అడక్కుండా తన నోటంట రావడం ఆయనకే వింతగా అనిపించింది.

రెండు గాజులు ఎక్కాయి. ఎక్కినట్టే తెలియలేదు. జ్ఞానప్రకాశం చెయ్యి పల్లంరాజు ముందు చాచాడు. “రాజుగారూ, చిట్లకుండా తీసి చూపించండి. సబ్బు కావాలంటే తెప్పిస్తాను.”

పల్లంరాజు పంతం మనిషి. సబ్బు తెప్పించుకున్నాడు, పట్టి లాగాడు, మెలితిప్పాడు. బొటనవేలి కణుపు ఎర్రగా కందిపోయింది గాని గాజు అంగుళం కదల్లేదు. ఇంకోసారి లాగబోతుంటే సూరమ్మ ఉండబట్టలేకపోయింది.

“వదిలెయ్యండి బాబూ, చెయ్యి విరిచేస్తారా ఏంటి? మీకు రాదు.” బొడ్డు సంచిలోంచి చిన్న బుడ్డి తీసింది. రెండు చుక్కల ఆముదం. బొటనవేలి మొదలు లోపలికి నొక్కింది. ఒక గాజు ఆమె అరచేతిలోకి జారిపోయింది. బుడ్డికి బిరడా పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

“రెండోది అమ్మా?”

“ఉంచండి. చెయ్యి వట్టిగా ఉంచకూడదు కదండి. కొత్తవి తొడిగేదాకా పాతది చేతికొకటి...”

మాట మధ్యలో ఆగిపోయింది.  చేతికొకటి. రెండు చేతులకి రెండు. పొద్దున్న తక్కువైన గాజులు ఎక్కడున్నాయో జ్ఞానప్రకాశానికి అప్పుడు తెలిసింది. చచ్చిన చేతికి ఎవరూ అలా ఉంచరు. ఆయనకి ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పల్లంరాజుకి ఇదేమీ అర్థం కాలేదు. “మగాడి చేతికి కూడా శాస్త్రమే. మీ గాజుల బేరం తెమిలాక చెప్పండి, నేను పడవ సంగతి చూస్తాను” అని గొడుగు తీసుకుని రేవు వైపు వెళ్ళిపోయాడు.

జ్ఞానప్రకాశం బల్ల మీది గాజుల్ని ఆమె ముందుకి జరిపాడు. “ఇవి చూడండి. ఇరవై ఆరున్నాయి.”

“ఇరవై ఆరా?” సూరమ్మ గాజుల్ని చూడలేదు, తడిమింది. ఆమె బొటనవేలు రెండుసార్లు ఆగింది. రెండు గాజులు పక్కకి వచ్చాయి. వాటి మీద ఎండిన రక్తపు చార సన్నగా ఉంది. “ఇవి ఆ పిల్లవి కాదండి. ఒక సైజు పెద్దవి.” అప్పుడు గాని తానేం చెప్పేసిందో ఆమెకి తట్టలేదు.

“అమ్మా, బుల్లియ్యని బేడీలేసి కూర్చోబెట్టారు. ఆ మూట అతని పడవకి తగులుకుంది. ఐదింటికి తీసుకుపోతారు.”

“బుల్లియ్యనా?” ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, నేనే వేశానండి కాలవలో. ఆ చీరా, ఆ రంగు గాజులూ చూస్తే దార్లో ఎవరన్నా ఆనవాలు పడతారని చీర మార్పించి గాజులు తీసేశాను. చేతికొకటి మాత్రం తియ్యలేకపోయాను, ముప్పై ఏళ్ళ అలవాటు. ఆయన మీదకొస్తదని కలలో కూడా అనుకోలేదండి.”

“ఆ అమ్మాయిని ఎందుకు తీసుకెళ్ళారు?”

“ఆ పిల్ల పెళ్ళికి తొడిగింది నేనే. నాలుగేళ్ళుగా ఆ చెయ్యి నాకు తెలుసు. సోమవారం పిలిచి, నా ముందు కూర్చుని, చెయ్యి నా చేతిలో పెట్టింది. నోరు విప్పలేదండి. చెయ్యి వణికింది. అంతకన్నా నాకు చెప్పక్కర్లేదు కదండి.” సూరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “మలారం చుట్టే గుడ్డ నెత్తిన కప్పి, నా కూతురన్నట్టు నడిపించుకుపోయాను. ద్రాక్షారామంలో గాజులోళ్ళ వీధి, మా చెల్లెలు మరిడమ్మ ఇంట్లో ఉంది. బంగారంలా ఉంది.”

“మరి ఈ రెండు?”

“పెద్దమ్మ గారివి” అంది సూరమ్మ నెమ్మదిగా. “అప్పాయమ్మ గారి చేతివండి.”

పోలీసువాళ్ళకి ఒక జబ్బుంది. ఏ ఇంటికెళ్ళినా వీధి గుమ్మంలోంచే వెళతారు. వీధి గుమ్మంలో మజ్జిగ దొరుకుతుంది, నిజం దొరకదు. గంప మోసే మనుషులకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తోటకూర గంప వెనక నడిచి పెరిగిన జ్ఞానప్రకాశం ఆ సంగతి మరిచిపోయి ఆదివారం నాడు తప్పు చేశాడు. ఈసారి టోపీ చంకలో పెట్టుకుని, సూరమ్మ వెనకాలే పోతురాజు ఇంటి పెరట్లోకి నడిచాడు.

అప్పాయమ్మ నూతి గట్టు మీద కూర్చుని ఉంది. లోపల మంచం పట్టిన భర్త దగ్గు వినిపిస్తోంది. సూరమ్మని చూడగానే ఆవిడ చేతులు కొంగు కింద దాచుకుంది.  సూరమ్మ ఎదురుగా చతికిలబడి తన చెయ్యి చాపింది. కాసేపటికి కొంగు కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. బొటనవేలి చుట్టూ పసుపు గుడ్డ, పక్కన చర్మం దోక్కుపోయి ఉంది.

“నన్ను పిలవకూడదా అమ్మగారూ” అంది సూరమ్మ, ఆ వేళ్ళని నిమురుతూ.

“పిలిచే టైమేదే? అరుగు మీద ఆ కాకినాడ ఇన్‌స్పెక్టరున్నాడు. విప్పి లెక్కపెడితే రెండు లేవు. ఎవరు తీశారో, ఎందుకుంచారో నాకు తెలీదా? నా కోడలు బతికుందని దేవుడి గదిలో కూర్చుని ఏడ్చాను. ఆ లెక్క మావాడి చెవినపడితే వాడికీ అర్థమైపోద్ది. మూట నిండుగా ఉండాలని నావి తీసి కలిపాను.” అప్పుడు జ్ఞానప్రకాశం వైపు తిరిగింది. “బాబూ, మీరు నా కోడల్ని కోర్టుకి లాగకండి. ఆ పొద్దున్న కిరసనాయిలు బట్టలు ఉతికింది నేనే. వాడు నా కొడుకు. నేను చెబుతాను, రాసుకోండి.”

జ్ఞానప్రకాశం వెంటనే పుస్తకం తీయలేకపోయాడు. ఆ తల్లి మాట ఖరీదు ఎంతో ఆయనకి తెలుస్తోంది. నూతి గట్టు పక్కన నేల మీదే కూర్చుని, ఆవిడ చెప్పిన నాలుగు ముక్కలూ రాసుకుని, చదివి వినిపించాడు. ఆవిడ తల ఊపింది.

“పోతురాజు కొట్లో ఉన్నాడా అమ్మా?”

“లేడు. పన్నెండున్నరకి అన్నానికొచ్చాడు. వడ్డిస్తుంటే చేతికి గుడ్డేంటన్నాడు. పొయ్యి దగ్గర కాలిందన్నాను. ఏమీ అనలేదు బాబూ. నా చేతుల కేసి చూస్తా ఉండిపోయాడు.” ఆవిడ గొంతు తగ్గిపోయింది. “పెదాలు కదిలాయి. కొట్లో సరుకు లెక్కపెట్టేటప్పుడు కదిలినట్టు. ఈ చేతికి పన్నెండు, ఆ చేతికి పన్నెండు, పదమూడేసి ఉండాల్సింది. మూటలో తగ్గిన రెండూ నావాటితో నింపానని వాడికి తెలిసిపోయింది. నేను అప్పుడు గమనించలేదు. అన్నం సగంలో లేచి, ‘సూరమ్మ వాళ్ళది ద్రాక్షారామమేనా’ అనడిగాడు. నేను అవునన్నాను.”

“బండి మీద వెళ్ళాడా?”

“ఒంటెద్దు బండి. ఒంటిగంటకి.”

గడియారంలో నాలుగుంపావు. జ్ఞానప్రకాశం రేవు దాకా పరుగులాంటి నడక నడిచాడు. సూరమ్మ మలారం భుజానేసుకుని వెనకే వచ్చింది. వానలకి ద్రాక్షారామం రోడ్డు రెండు చోట్ల గండి పడింది. బండి చుట్టు తిరిగి వెళ్ళాలంటే పొద్దుగూకుతుంది. కాలవ మీద అయితే పడమటి గాలి సాయం ఉంది.

“ఈ బేడీలు తియ్యండి” అన్నాడు పల్లంరాజుతో.

“మీ చేతికి గాజు, నా ముద్దాయికి స్వేచ్ఛ. బాగుందండి వరస.”

“వీరవేణి బతికుంది. పోతురాజు ఆమె దగ్గరకే వెళుతున్నాడు. మూడు గంటలు ముందున్నాడు. మీరు నమ్మక్కర్లేదు, పడవెక్కండి. అబద్ధమైతే నన్నూ బుల్లియ్యనీ కలిపే కాకినాడ తీసుకుపోండి.”

పల్లంరాజు ఆయన మొహంలోకి చూశాడు, చేతి గాజు కేసి చూశాడు. మీసం దువ్వుకోబోయి మానేశాడు. జేబులోంచి తాళం తీసి, ముందు తానే పడవలోకి అడుగుపెట్టాడు.

“ఎంతసేపు పడుద్ది బుల్లియ్యా?”

“మధ్యలో ఐదు రేవులున్నాయండి. అన్నిట్లో ఆగితే రేపు పొద్దున్న. ఎక్కడా ఆగకపోతే...” బుల్లియ్య మణికట్లు రుద్దుకుంటూ తెరచాప వైపు చూశాడు. “రెండు గంటల్లోపు దింపుతానండి.”

గంట నాలిక్కి గుడ్డ చుట్టేశాడు. మొదటి రేవులో ఆడవాళ్ళు కొబ్బరికాయలు పట్టుకుని బేరానికి నిలబడి ఉన్నారు. పడవ ఆగకుండా పోతుంటే పేరు పెట్టి పిలిచారు. బుల్లియ్య తల తిప్పలేదు. సూరమ్మ పడవ ముందు కూర్చుని, మలారం ఒళ్ళో పెట్టుకుని, దారి కేసి చూస్తూనే వేళ్ళతో గాజులు ఏరుతోంది. “పిల్ల చేతులు నిండుగా తొడగాలండి. వాళ్ళత్తగారు చెప్పి పంపారు” అంది. పల్లంరాజు గొడుగు మడిచి ఆమెకి నీడ పడేలా జరిగి కూర్చున్నాడు.

మూడో రేవు దాటాక గట్టు మీద ఒంటెద్దు బండి కనిపించింది. ఎద్దు విప్పి ఉంది, మేస్తోంది. బండివాడు కాడి మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. బండిలో ఎవరూ లేరు.

“పోతురాజు గారేరి?” అని పల్లంరాజు కేకేశాడు.

“గండి దాటదని ఇక్కడే దిగిపోయారండి. చేపల నావ ఒకటి దొరికితే ఎక్కారు. గంట దాటింది.” బండివాడు చుట్ట నోట్లోంచి తీసి చెప్పాడు. “గాజులోళ్ళ వీధి కాలవ రేవుకి దగ్గరేనా అని అడిగారండి.”

సూరమ్మ చెయ్యి మలారం మీద ఆగిపోయింది. బుల్లియ్య తెరచాప తాడు ఇంకాస్త బిగించి కట్టాడు. జ్ఞానప్రకాశం తన మణికట్టున మిగిలిన గాజుని వేలితో తిప్పుతూ ముందుకే చూస్తున్నాడు. కాసేపటికి గాజుల చప్పుడు మళ్ళీ వినిపించింది. సూరమ్మ వీరవేణి రెండో చేతికి ఏరుతోంది.